ల్యూమెన్స్ కాదు బాస్.. లీకేజీ చూడు!

‘10,000 ల్యూమెన్స్. 200 మీటర్ల లోతు వరకూ వాటర్‌ప్రూఫ్. ఒక్కసారి ఛార్జ్ చేస్తే 5 గంటలు. ధర 799 మాత్రమే!’

ఆన్‌లైన్‌లో ‘డైవింగ్ టార్చ్’ అని కొడితే ఇలాంటివే వరసపెట్టి వచ్చేస్తాయి. కింద నాలుగున్నర స్టార్లు, ‘సూపర్ ప్రోడక్ట్’ అంటూ రివ్యూలు. ఆ రివ్యూల్లో ఫొటోలు చూస్తే మాత్రం ఒకరు పెరట్లో, ఒకరు బాల్కనీలో, ఇంకొకరు పొలం గట్టు మీద వెలిగించుకున్నవి. నీళ్లలోకి తీసుకెళ్లినవాళ్లు ఎవరూ కనపడరు.

స్కూబా డైవింగ్ ఇప్పుడు మనకు కొత్తేం కాదు. వైజాగ్ రుషికొండలో మొదటి మునక వేసి, తర్వాత పుదుచ్చేరి, కర్ణాటకలోని నేత్రాణి, అండమాన్ అంటూ లిస్టు పెంచుకుంటున్నవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. నేనూ ఆ బ్యాచే. రెండు మూడు ట్రిప్పులు అయ్యాక అందరికీ వచ్చే డౌట్ ఒకటే: ‘సొంత టార్చి కొనుక్కోవాలా? కొంటే ఎంతలో?’ డైవ్ షాపులో పేరున్న విదేశీ టార్చి రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆన్‌లైన్‌లో చవకవి చూస్తే నోరూరుతుంది. ఈ రెండింటికీ మధ్య, జేబుకీ ప్రాణానికీ ఇబ్బంది లేని దారి ఒకటుంది. దాని గురించే ఈ కథనం.

అందరికీ అవసరమా?

ముందు డబ్బులు మిగిల్చే మాట. సర్టిఫికెట్ లేకుండా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని చేసే ‘డిస్కవర్ స్కూబా’ లాంటి మొదటి డైవ్‌కి టార్చి అక్కర్లేదు. అది పగటిపూట, 12 మీటర్ల లోపే. అప్పుడు మీ దృష్టంతా ఊపిరి మీద, చెవుల మీద ఉండాలి గానీ చేతిలో లైటు మీద కాదు.

ఓపెన్ వాటర్ కోర్సు చేసి 18 మీటర్లకు, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ చేసి 30 మీటర్లకు వెళ్లేటప్పుడు టార్చి విలువ తెలుస్తుంది. కారణం రంగులు. నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తాయి. అయిదారు మీటర్లు దాటేసరికి ఎరుపు మసకబారుతుంది. ఇంకా దిగితే నారింజ, ఆ తర్వాత పసుపు. పైన కుంకుమలా ఉండే పగడం, కింద బూడిద రంగు రాయిలా కనపడుతుంది. దాని మీద టార్చి వెయ్యండి, అసలు రంగు ఒక్కసారిగా బయటికొస్తుంది. రాతి సందుల్లో దాక్కున్న ఈల్ చేపలూ రొయ్యలూ కనపడాలన్నా పట్టపగలే లైటు కావాలి.

నైట్ డైవ్ అయితే టార్చి సరదా వస్తువు కాదు. మీ కళ్లూ అదే, మీ నోరూ అదే. ‘నేను ఓకే’ అని చెప్పడానికి లైటుతో నేల మీద గుండ్రంగా తిప్పుతాం. ‘ఇటు చూడు, ప్రాబ్లమ్’ అనడానికి గబగబా అటూ ఇటూ ఊపుతాం. లైటు పోయిందంటే చూపు, మాట రెండూ ఒకేసారి పోయినట్టే.

14 మీటర్ల దగ్గర చీకటి

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్. గతేడాది చలికాలం, సూర్యుడు మునిగిన ముప్పావుగంటకు నీళ్లలోకి దిగాం. నాకు బడ్డీ మా ఆఫీసు దోస్తే. పద్నాలుగు మీటర్ల దగ్గర ఒక పెద్ద పగడపు బండ చుట్టూ తిరుగుతున్నాం. నా పక్కనే కదులుతున్న వాడి వెలుగు వలయం రెండుసార్లు మిణుకుమంది. మూడోసారి ఆరిపోయింది.

వాడు భయపడలేదు. జాకెట్ జేబులో చిన్న బ్యాకప్ టార్చి ఉంది. పది సెకన్లలో అది చేతికొచ్చింది. నాకు, ఇన్‌స్ట్రక్టర్‌కి సిగ్నల్ ఇచ్చాడు. ఆయన బొటనవేలు పైకి చూపించారు. స్కూబాలో దానర్థం ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. అందరం మెల్లగా పైకొచ్చేశాం. పడవెక్కి చూస్తే ఆ టార్చి అద్దం లోపల స్పూనుడు నీళ్లు! పెట్టె మీద మాత్రం ‘100 మీటర్లు’ అని గర్వంగా రాసి ఉంది.

ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఖరీదైన టార్చి కాదు, రెండో టార్చి. చీకట్లో డైవ్ చేసేవాళ్లు ఒక్కొక్కరూ రెండు లైట్లు పట్టుకెళ్లాలన్న రూలు ఊరికే పెట్టలేదు. కాబట్టి బడ్జెట్ వేసుకునేటప్పుడే రెండిటికీ కలిపి వేసుకోండి. ఉన్న డబ్బంతా ఒక్కదాని మీదే పెట్టేసి బ్యాకప్ మానేయడం కంటే, మధ్యరకం మెయిన్ లైటు ఒకటి, చిన్నది ఒకటి కొనుక్కోవడం మేలు.

ఒక్క లెక్క చాలు

ఇప్పుడు ఆ 10,000 ల్యూమెన్స్ సంగతి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

చవక టార్చిల్లో ఎక్కువగా ఉండేది 18650 సైజు లిథియం సెల్. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి కంపెనీ సెల్ అయితే 3,500 ఎంఏహెచ్. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే దాదాపు 12.6 వాట్-అవర్స్. మొత్తం టార్చి లెక్కన ఒక్కో వాట్‌కు 120 ల్యూమెన్స్ వచ్చిందనుకుందాం. ఇది దయతలచి వేసిన లెక్కే. 12.6ని 120తో గుణిస్తే సుమారు 1,500. అంటే 1,500 ల్యూమెన్స్‌తో గంట, లేదా 1,000 ల్యూమెన్స్‌తో గంటన్నర. ఆ సెల్ దగ్గరున్న ఆస్తి అంతే.

మరి 10,000 ల్యూమెన్స్, 5 గంటలు అంటే? 50,000. దాన్ని 1,500తో భాగిస్తే 33 సెల్స్! ఒక్క సెల్ టార్చిలో ముప్పై మూడు సెల్స్ కరెంటు ఎక్కడ దాచారో వాళ్లకే తెలియాలి. పోల్చుకోవడానికి ఇంకొకటి: కార్లకు వాడే మామూలు హెచ్4 హాలోజన్ బల్బు లో బీమ్‌లో ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్స్. అలాంటివి పది కలిపితే 10,000.

నిజానికి అంత వెలుగు అవసరమూ లేదు. నైట్ డైవ్‌కి మెయిన్ లైటు 800 నుంచి 1,000 నిజమైన ల్యూమెన్స్ ఉంటే హాయిగా సరిపోతుంది. బ్యాకప్‌కి 300 చాలు.

‘ఎంతసేపు వెలుగుతుంది’ అన్న దగ్గర ఇంకో మెలిక ఉంది. టార్చిలకు ఎఫ్‌ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం ఉంది. దాని ప్రకారం రన్‌టైమ్ అంటే, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే టైమ్. అంటే డబ్బా మీద ‘4 గంటలు’ అని నిజాయతీగా రాసినా, నాలుగు గంటలూ ఫుల్ వెలుగని కాదు. కాబట్టి వెలుగు ఎప్పుడెప్పుడు ఎంత తగ్గుతుందో గ్రాఫ్ చూపించే కంపెనీని నమ్మండి. మీ డైవ్ 50 నిమిషాలైతే టార్చి కనీసం 75 నిమిషాలు గట్టిగా వెలగాలి.

నీళ్లకూ బరువుంటుంది

మాది పాలంపేట. రామప్ప గుడి ఉన్న ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. సముద్రం మాకు వందల కిలోమీటర్ల దూరం. కానీ నీళ్లకు కరువు లేదు. గుడి పక్కనే కాకతీయుల కాలం నాటి రామప్ప చెరువు, చుట్టూ పొలాలు, పొలాల్లో బావులు. రాత్రిపూట మోటర్ వెయ్యడానికి వెళ్లే ప్రతి రైతు చేతిలోనూ ఓ ఎల్‌ఈడీ లైటు ఉంటుంది. మా కాకకు దాని మీద గట్టి నమ్మకం. డైవింగ్ టార్చి గురించి చెబితే నవ్వాడు. ‘నా లైటు రెండొందలది. నాలుగేండ్ల సంది వానల తడుస్తనే ఉన్నది. ఏం గాలే. గీ నీళ్లకే గన్ని పైసలెందుకురా?’

కాక అడిగినదాంట్లోనే అసలు పాయింట్ ఉంది. వానలో తడవడం వేరు, లోతుకు దిగడం వేరు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు. మూడు సెంటీమీటర్ల వెడల్పున్న టార్చి అద్దం తీసుకోండి. వైశాల్యం ఏడు చదరపు సెంటీమీటర్లు. 18 మీటర్ల దగ్గర దాని మీద పడే బరువు దాదాపు 13 కిలోలు. 30 మీటర్ల దగ్గర 21 కిలోలు. బొటనవేలంత అద్దం మీద బియ్యం మూట పెట్టినట్టే!

అందుకే డబ్బా మీద ఉన్న కోడ్ చూడాలి. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతులో అరగంట. అది బకెట్లో పడ్డ ఫోన్‌కి సరే, డైవింగ్‌కి పనికిరాదు. ఐపీఎక్స్8 అంటే మీటరు కంటే ఎక్కువ. ఎంత ఎక్కువ, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. రెండు మీటర్లు తట్టుకునే దానికీ, వంద మీటర్లు తట్టుకునే దానికీ అదే ఐపీఎక్స్8 ముద్ర! కాబట్టి కోడ్ ఒక్కటే చూసి మురిసిపోకుండా, మీటర్ల లెక్క విడిగా రాసి ఉందా, మీరు దిగే లోతుకు మూడు నాలుగు రెట్లు ఉందా అన్నది చూడండి.

బావిలో టెస్టింగ్

సాఫ్ట్‌వేర్‌లో మాకో అలవాటు. టెస్ట్ చెయ్యకుండా ఏదీ లైవ్‌లోకి పోదు. దసరాకి ఊరెళ్లినప్పుడు మూడు టార్చిలు పట్టుకెళ్లాను. ఒకటి అత్తెసరు ధరది, ఒకటి మధ్యరకం, ఒకటి డైవ్ లైట్లు మాత్రమే చేసే కంపెనీది. వానలు బాగా పడ్డ ఏడాది కాబట్టి మా బావిలో తొమ్మిది మీటర్ల నీళ్లున్నాయి.

పద్ధతి సింపుల్. సెల్ తీసేసి, దాని స్థానంలో టిష్యూ పేపర్ చుట్టి పెట్టాను. మూత బిగించి, టార్చికి తాడు కట్టి, ఒక రాయి కలిపి, మీటరుకో ముడి వేసిన తాడుతో మెల్లగా దించాను. ఎనిమిదో ముడి దగ్గర ఆపి అరగంట వదిలేశాను. కాక గట్టు మీద కూర్చుని, ‘పైసలు వెట్టి కొన్నది బాయిల ఏస్తున్నవేందిరా!’ అని ఒకటే నవ్వు.

పైకి తీసి, తడి తుడిచి, విప్పి చూస్తే చవకదాంట్లో టిష్యూ ముద్దయిపోయింది. మిగతా రెండూ పొడిగా ఉన్నాయి. ‘గిది పొలం కాడికి నాకియ్యి’ అని ఆ మొదటిదాన్ని కాక తీసుకుపోయాడు. వానకు అది చాలు మరి.

ఎనిమిది మీటర్ల టెస్టు 18 మీటర్లకు గ్యారంటీ ఎలా అవుతుందని మీకు డౌట్ రావచ్చు. పూర్తి గ్యారంటీ కాదు. కానీ ఓ-రింగ్ అనే రబ్బరు వలయం పనిచేసే తీరే తమాషా. బయటి ఒత్తిడి పెరిగేకొద్దీ అది గాడిలో మరింత గట్టిగా నొక్కుకుంటుంది. అందుకే సరిగ్గా కూర్చోని ఓ-రింగ్ చాలాసార్లు మొదటి కొన్ని మీటర్లలోనే లీకవుతుంది. ఈ టెస్టులో ఫెయిలైంది సముద్రానికి పోకూడదు. పాసైంది ముందు పగటి డైవ్‌కి పోవాలి, ఆ తర్వాతే నైట్ డైవ్‌కి.

బావి లేని సిటీ వాళ్లు బకెట్ నీళ్లలో రాత్రంతా ఉంచి చూడొచ్చు. పెద్ద లోపాలు దొరికిపోతాయి. ఇంకోటి, బావి దగ్గర తాడు దించండి గానీ మీరు దిగకండి, వంగి చూడకండి. చెరువుల్లో సొంతంగా డైవింగ్ ప్రయోగాలు అసలే వద్దు.

స్విచ్ దగ్గరే కిటుకు

లీకేజీకి దారులు మూడు: అద్దం అంచు, సెల్ వేసే మూత, స్విచ్. మొదటి రెండింటికీ ఓ-రింగ్ ఉంటుంది. మూత దగ్గర రెండు ఓ-రింగ్‌లు ఉన్నవి తీసుకోండి. అసలు గొడవ స్విచ్ దగ్గర. మామూలు టార్చిలకు వెనక మెత్తటి రబ్బరు బటన్ ఉంటుంది. లోతులో నీళ్లే దాన్ని నొక్కేస్తాయి. దానంతటది వెలగొచ్చు, ఆరొచ్చు, ఇరుక్కుపోవచ్చు.

డైవింగ్‌కి బాగా పనికొచ్చేది అయస్కాంతం స్విచ్. బయట తిరిగే రింగులోనో జరిగే మీటలోనో చిన్న అయస్కాంతం ఉంటుంది. లోపలి సెన్సర్ దాన్ని గోడ అవతల నుంచే పసిగడుతుంది. బాడీకి రంధ్రం లేదు కాబట్టి నీళ్లకు దారీ లేదు. ఒక్కటే జాగ్రత్త, దిక్సూచి పక్కన పెట్టుకోవద్దు, ముల్లు తప్పుదారి పట్టిస్తుంది. తల తిప్పితే వెలిగే రకం కూడా బ్యాకప్‌కి మంచిదే.

బయట యూఎస్‌బీ ఛార్జింగ్ రంధ్రం, దాని మీద రబ్బరు మూత ఉన్నవి మానెయ్యండి. ఒక్క నొక్కుకు వెలుగు, రెండో నొక్కుకు మసక, మూడోదానికి టపటపా కొట్టే స్ట్రోబ్ అంటూ తిరిగేవీ వద్దు. చీకటి నీళ్లలో పొరపాటున స్ట్రోబ్ పడితే పక్కవాళ్లకు తల తిరిగిపోతుంది.

మంచులో హై బీమ్

చలికాలం తెల్లవారుజామున ములుగు రోడ్డు మీద బండి నడిపినవాళ్లకు ఈ ముక్క వెంటనే అర్థమవుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే ముందు దారి కనపడదు, తెల్ల గోడ కనపడుతుంది. నీళ్లలోనూ అంతే. వైజాగ్ తీరంలో కొన్ని రోజులు నీళ్లు తేటగా ఉంటాయి, కొన్ని రోజులు ఒండ్రు తేలుతూ ఉంటుంది. అలాంటప్పుడు వెడల్పాటి వెలుగు వేస్తే ప్రతి మట్టి రేణువూ మీ కళ్లలోకే మెరుస్తుంది.

మసక నీళ్లకు, సిగ్నళ్లకు 10 డిగ్రీల లోపు సన్నటి కిరణం కావాలి. వీడియో తియ్యడానికి 100 డిగ్రీలకు పైగా పరుచుకునే వెలుగు కావాలి. ఒక్కటే కొనాలంటే సన్నటిదే కొనండి. పట్టుకునేటప్పుడు కంటి ముందు నుంచి కాకుండా చెయ్యి పక్కకు చాచి ఏటవాలుగా వెయ్యండి. రామప్పలో నల్లరాతి శిల్పం మీద ఫోన్ లైటు ఎదురుగా వేస్తే శిల్పం చదునుగా కనపడుతుంది, పక్క నుంచి వేస్తే నగల నగిషీలన్నీ లేచొస్తాయి. పగడాలకూ అదే సూత్రం. నిద్రపోతున్న చేపల, తాబేళ్ల కళ్లలోకి, మీ బడ్డీ మొహం మీదికి మాత్రం వెయ్యకండి.

సెల్‌ని తూకం వెయ్యండి

టార్చితో ఉచితంగా వచ్చే సెల్ మీద ‘9,900 ఎంఏహెచ్’ అని ఉందా? 18650 సైజులో అది జరగని పని. అసలైనది 45 గ్రాములకు అటూ ఇటూగా బరువుంటుంది. పక్కనున్న బంగారం కొట్లో తూకం వేయించండి. ముప్పై గ్రాములే తూగితే లోపల సగం ఖాళీ అన్నమాట. శాంసంగ్, ఎల్‌జీ, పానాసోనిక్ లాంటి కంపెనీల సెల్స్, నమ్మకమైన షాపులో కొనండి. మెయిన్‌కీ బ్యాకప్‌కీ ఒకే సైజు సెల్ అయితే ఛార్జర్ ఒకటే సరిపోతుంది.

ఫ్లైట్‌లో వెళ్తుంటే స్పేర్ సెల్స్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులో, ఒక్కోటి విడిగా కవర్లో ఉండాలి. టార్చిలోంచి కూడా సెల్ తీసేసి పెట్టండి. పొరపాటున బ్యాగులో వెలిగితే కాలేంత వేడెక్కుతుంది. డైవ్ టార్చిలు చల్లబడటానికి చుట్టూ నీళ్లు ఉంటాయనే లెక్కతోనే చేస్తారు. అందుకే గట్టు మీద ఫుల్ వెలుగులో ఎక్కువసేపు ఉంచొద్దు. లైటు డైవింగ్‌కి తీసుకెళ్తున్నామని ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పడం మంచిది.

డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించండి. ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లకు తోవ దొరికినట్టే. తుడిచి, మాన్యువల్లో చెప్పిన గ్రీజు పల్చగా రాయండి. వంటింటి నూనెలు వద్దు. లోపలికి నీళ్లు పోయిన టార్చిని మాత్రం మొహానికి ఎదురుగా పెట్టుకుని విప్పకండి. తడిసిన లిథియం సెల్ లోపల గ్యాస్ పెరిగి మూత తుపాకీ గుండులా ఎగిరే ప్రమాదం ఉంది.

మరి ఏది కొనాలి?

ఆర్కాటార్చ్ లాంటి కంపెనీలు డైవ్ లైట్ల మీదే పనిచేస్తాయి. సోఫర్న్, వర్కోస్ లాంటి బడ్జెట్ బ్రాండ్లలోనూ డైవింగ్‌కి ప్రత్యేకంగా చేసినవి ఉన్నాయి. ఒకప్పుడు ఇలాంటివి చవగ్గా తెప్పించుకునే చైనా యాప్ 2020 నవంబరులో మన దగ్గర బ్లాక్ అయ్యింది. ఇప్పుడు బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కలుపుకుని లెక్క వేసుకోండి. ఒక్కోసారి ఇక్కడి డైవ్ షాపు ధరే నయం అనిపిస్తుంది, పైగా వారంటీకి మనిషి దొరుకుతాడు. ఏడాదికి ఒక్క నైట్ డైవ్ చేసేవాళ్లయితే డైవ్ సెంటర్‌ని అడగండి, టార్చి వాళ్లే ఇస్తారు లేదా అద్దెకు దొరుకుతుంది. ఆ డబ్బుతో మంచి బ్యాకప్ ఒక్కటి కొనుక్కుంటే సరి.

కొనే ముందు ఒక్కసారి..

* పెట్టె మీద లోతు మీటర్లలో రాసి ఉందా?
* సెల్ లెక్కకు, ల్యూమెన్స్ లెక్కకు పొంతన కుదిరిందా?
* స్విచ్ అయస్కాంతానిదా, తిప్పుడు రకమా?
* మూత దగ్గర ఓ-రింగ్‌లు రెండున్నాయా? స్పేర్ ఇచ్చారా?
* 75 నిమిషాలు గట్టిగా వెలుగుతుందా?
* మణికట్టుకు తగిలించుకునే తాడు ఉందా? రామప్ప గోపురం ఇటుక అయితే నీళ్లలో తేలుతుంది. మీ టార్చి తేలదు, చెయ్యి జారితే అడుక్కే.
* జేబులో రెండోది ఉందా?

చివరి ప్రశ్నకు ‘లేదు’ అన్నది జవాబైతే, మొదటిది ఎంత ఖరీదైనదైనా సరే, ఆ రాత్రి నీళ్లలోకి దిగకండి.